1946–63 సింగపూర్ పోలీసు లెక్కలు: గీత గీస్తే అది నేరాల గీతేనా?

పాతగెజిట్
సింగపూర్ వలస కాలపు పోలీసు వార్షిక నివేదికల్లోంచి అంకెలు తీసి, ఏడాది పక్కన ఏడాది పెట్టి గీత గీసేస్తున్నారు. యుద్ధం అయిపోగానే శిఖరం, తర్వాత దిగుడు, 1950ల చివర్లో మళ్లీ ఎక్కుడు, "అదిగో ట్రెండ్" అని తేల్చేస్తున్నారు. ఒళ్లు మండుతోంది. మధ్యలో చట్టాలు మారాయి, జనాభా మారింది, పోలీసు బలగమే మారిపోయింది. ఆ గీత నేరానిదా, పోలీసుదా? ఈ పట్టికలు ఎలా చదవాలో తెలిసినవాళ్లు వివరంగా రాయండి. గాలి కబుర్లు వద్దు.

సెక్షన్420
ముందు గడుల సంగతి తేల్చుకోవాలి. స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ (సింగపూర్, పెనాంగ్, మలక్కా కలిపిన బ్రిటిష్ వలస) 1867 దాకా కలకత్తా కింద ఉన్నవే. అక్కడి పీనల్ కోడ్ 1871లో వచ్చింది, మన ఐపీసీకి జిరాక్సు కాపీ. 302 అంటే హత్య, 379 అంటే దొంగతనం, 420 అంటే అక్కడా మోసమే. కాబట్టి మన స్టేషన్ రైటర్‌ని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టినా సెక్షన్ల దగ్గర తడబడడు.

చిక్కు 391 దగ్గర. మన కోడ్‌లో డెకాయిటీ అన్నదాన్ని అక్కడ గ్యాంగ్ రాబరీ అన్నారు. లెక్క మాత్రం అదే: ఐదుగురు, అంతకు మించి ఉండాలి. నలుగురు పిస్తోళ్లతో దుకాణం దోచుకుంటే 392, మామూలు రాబరీ గడిలో పడుతుంది. బయట కాపలాకి ఐదోవాడు నిలబడ్డాడని సాక్షి చెబితే కేసు 395కి మారుతుంది. సాక్షి ఎంతమందిని చూశాడన్నదాన్ని బట్టి గడి మారుతుందన్నమాట. గ్యాంగ్ రాబరీ వరస ఒక్కటే తీసి "ముఠా నేరాలు తగ్గాయి" అనేవాళ్లని నమ్మకండి. రెండు వరసలూ కలిపే చూడాలి.

లెక్కలమాస్టారు
జనాభాతో భాగించకపోతే మిగతాదంతా వృథా. 1947 సెన్సస్: 9,38,144. 1957 సెన్సస్: 14,45,929. పదేళ్లలో 54 శాతం, ఏడాదికి సుమారు 4.4. ఇంట్లో చొరబడి చేసిన దొంగతనాలు ఆ పదేళ్లలో సగం పెరిగాయనుకోండి, తలసరి లెక్కలో అసలు పెరగనట్టే. ఇంకోటి, 1957లో 40 శాతం పైగా 15 ఏళ్ల లోపు పిల్లలు. అంటే గ్యాంగుల్లో చేరే వయసు కుర్రాళ్ల వరద 1950ల చివర్లో, 60ల మొదట్లో రాక తప్పదు. ఆ ఎక్కుడులో కొంత భాగం పురిటి గదుల్లోంచి వచ్చిందే.

రేవు_కాగితాలు
1945–46 శిఖరాన్ని కూడా విప్పి చూడండి. జపాన్ లొంగిపోయాక 1945 సెప్టెంబరు నుంచి 1946 మార్చి దాకా బ్రిటిష్ మిలిటరీ పాలన. బియ్యం రేషను, అంతా బ్లాక్ మార్కెట్. ఆ పాలన పొడి అక్షరాలు బీఎంఏ కదా, జనం దాన్ని బ్లాక్ మార్కెట్ అడ్మినిస్ట్రేషన్ అని పిలిచారు. యుద్ధం వదిలేసి పోయిన తుపాకులు ఊరంతా ఉన్నాయి, సాయుధ దోపిడీలకి అదొక కారణం.

రెండో ముక్క ఎవరూ చెప్పరు. యుద్ధానికి ముందు నల్లమందు అమ్మింది సర్కారే, దాని మీద గుత్తాధిపత్యం వాళ్లదే. 1946 ఫిబ్రవరి 1న నిషేధం వచ్చింది. యుద్ధానికి ముందు సర్కారు దుకాణం మెట్లెక్కిన ముసలి కూలీ, నిషేధం తర్వాత ముద్దాయి. అతను మారలేదు, అతని పైపు మారలేదు, చట్టం మారింది. గీతలో మాత్రం అది "నేరం పెరిగింది" అని కనిపిస్తుంది.

మెట్రిక్_ఫెయిల్
పన్ను వేసి అమ్మినవాడే పట్టుకుని జైల్లో వేయడం. మన సారా వేలం పాటల చరిత్ర చదివినవాళ్లకి కొత్తేం కాదు 😀

కొరింగ_ఓడ
అసలు కథంతా చైనీయుల రహస్య సంఘాల్లో, అంటే ఈ గ్యాంగుల్లో ఉంది, అందరూ అక్కడికి రాకుండా చుట్టూ తిరుగుతున్నారు. క్రమం ఇది.

1877లో చైనీస్ ప్రొటెక్టరేట్ (చైనీయుల వ్యవహారాలు చూసే సర్కారు ఆఫీసు) పెట్టారు, మొదటి ప్రొటెక్టర్ పికరింగ్. 1889 సొసైటీస్ ఆర్డినెన్సు 1890 నుంచి అమల్లోకి వచ్చింది. రిజిస్టర్ కాని సంఘం చట్టవిరుద్ధం, అందులో సభ్యత్వమే నేరం. దాని పక్కనే బహిష్కరణ చట్టం. ఈ రెండోదే అసలు కొరడా. సాక్ష్యం అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు, గవర్నర్ సంతకం పడితే మనిషిని ఓడెక్కించి చైనాకి పంపేయడమే.

యుద్ధం తర్వాత సొసైటీస్ ఆర్డినెన్సు అమలుని ఆపేశారు, 1947లో తిరిగి తెచ్చారు. ఆ సందులో సంఘాలు బహిరంగంగా ఊపిరి పోసుకున్నాయి. 1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలిచాక పంపడానికి ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. పైగా 1950లకి గ్యాంగుల్లో ఉన్న కుర్రాళ్లలో ఎక్కువమంది సింగపూర్‌లోనే పుట్టినవాళ్లు, వాళ్లకి బహిష్కరణ వర్తించదు. అరవై ఏళ్లుగా పోలీసులు ఆనుకున్న గోడ పోయింది. 1950ల "గ్యాంగుల పెరుగుదల"లో సగం ఇదే: పెరిగినవాళ్లు కొందరు, పంపలేక మిగిలిపోయినవాళ్లు కొందరు.

పాతగెజిట్
@కొరింగ_ఓడ, మరి మామూళ్ల వసూలు కేసులు కోర్టుల్లో అంత తక్కువ ఎందుకు? ఊరంతా వసూళ్లు జరిగాయని అందరూ రాశారు కదా.

కొరింగ_ఓడ
వసూలు ఎలా జరిగేదో చూస్తే జవాబు అందులోనే ఉంది.

ప్రతి వీధికీ ఒక నంబరు ఉంటుంది, అది ఆ వీధిని ఏలే సంఘం పేరు. 08, 18, 24, 36, 108, 329, 969 ఇలా. కొత్తగా నూడుల్స్ బండి పెట్టినవాడి దగ్గరికి ఇద్దరు కుర్రాళ్లు వస్తారు. బెదిరింపు ఉండదు. "నీది ఏ నంబరు?" అని అడుగుతారు, అంతే. నంబరు లేదంటే ఆ వీధి నంబరుకి నెల నెలా చందా కట్టాలి. వేరే నంబరు పేరు చెబితే రెండు వైపులా పెద్దలు టీ దుకాణంలో కూర్చుని తేల్చుకుంటారు. తేలకపోతే కొట్లాట. ఆయుధాలు అన్నీ పనిముట్లే: సైకిల్ చెయిన్లు, బేరింగ్ గీకే పదునైన స్క్రేపర్లు, పరాంగ్ కత్తులు, యాసిడ్ నింపిన కరెంటు బల్బులు. దారిలో పోలీసు ఆపి సోదా చేస్తే "వర్క్‌షాపులో పని చేస్తాను" అంటాడు, స్క్రేపర్‌కి సమాధానం అయిపోయింది.

ఇప్పుడు బండివాడు ఫిర్యాదు ఎందుకివ్వడో చూడండి. ఒకటి, చాలామందికి హాకర్ లైసెన్సే లేదు. స్టేషన్ మెట్లెక్కితే ముందు తన బండే పోతుంది. రెండు, వసూలు చేసినవాణ్ణి వరసలో నిలబెట్టినప్పుడు సాక్షి ఎదురుగా వెళ్లి గుర్తించాలి. ఇప్పటిలా మధ్యలో అద్దం ఉండదు, వాడి కళ్లలోకి చూసి చూపించాలి. మూడు, వాడికి శిక్ష పడినా వాడి నంబరుకి పడదు. మర్నాడు ఇంకో ఇద్దరు వస్తారు. నెలకి కట్టే చందా కంటే ఫిర్యాదు ఖరీదే ఎక్కువ.

లాఠీ_కలం
దీనికి భాష కూడా కలపండి. 1947లో జనాభాలో దాదాపు 78 శాతం చైనీయులు. యూనిఫాంలో ఉన్న కానిస్టేబుళ్లు ఎక్కువగా మలయ్‌లు, పైన బ్రిటిష్ అధికారులు. జనం మాట్లాడేది హొక్కియెన్, తియోచ్యూ, కాంటనీస్, హైనానీస్. బీటు కానిస్టేబుల్‌కి బజారు మలయ్ తప్ప దారి లేదు. దాంతో వీధి సమాచారం అంతా గుప్పెడు మంది చైనీస్ డిటెక్టివ్‌ల చేతిలోకి పోయింది. వాళ్లు, వాళ్ల ఇన్ఫార్మర్లు చెప్పిందే వేదం, పైవాళ్లకి సరిచూసుకునే దారి లేదు.

బలగం ఉండేది బ్యారక్‌లలో. 1934లో కట్టిన హిల్ స్ట్రీట్ స్టేషన్ చూడండి, కింద ఠాణా, పైన కాపురాలు. కానిస్టేబుల్ ఊళ్లో కాపురం ఉండడు, ఊరి కబురు అతని చెవిన పడదు.

సెక్షన్420
@లాఠీ_కలం బ్యారక్ సంగతి ఒప్పుకోను. లండన్ దగ్గర్నుంచి హైదరాబాద్ దాకా పోలీసు లైన్లు ఎక్కడ లేవు? కాపురం ఎక్కడన్నది కాదు, బీటు ఎంత లోపలికి పోయిందన్నది చూడాలి. బుకిత్ హో స్వీ లాంటి చెక్క ఇళ్ల కంపోంగ్‌లలో (పేటల్లో) సందులకి పేర్లు లేవు, చాలా ఇళ్లు అనుమతి లేనివి. వారంటు మీద చిరునామా రాయడమే కుదరదు. ఇంట్లోంచి ఇంట్లోకి దారి. పోలీసు అడుగు పెట్టేలోపు అవతలి సందులో తేలతాడు.

లాఠీ_కలం
సరే, బీటు బలహీనం అన్నచోట ఇద్దరం కలిశాం. కానీ బ్యారక్ వల్ల ఒక లాభం వాళ్లకి తెలుసు. అల్లరి జరిగితే ఈల వేసి రెండొందల మందిని పోగు చేయొచ్చు. ఆ బలగాన్ని కట్టింది దొంగని పట్టడానికి కాదు, గుంపుని ఆపడానికి.

మెట్రిక్_ఫెయిల్
గుంపునైనా ఆపారా? 1950 డిసెంబరు 11న ఏం చేశారు? మలయ్ కానిస్టేబుళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు కదా.

రేవు_కాగితాలు
సగం నిజం చెప్పి వదిలేయొద్దు. మరియా హెర్టోగ్ కేసు: డచ్ తల్లిదండ్రుల బిడ్డ, మలయ్ ముస్లిం తల్లి పెంపకం, కోర్టు పిల్లని కన్నవాళ్లకి అప్పగించింది. కాన్వెంటులో ఆ పిల్ల ఫోటోలు పత్రికల్లో పడ్డాక నిప్పు అంటుకుంది. అప్పీలు రోజున పడాంగ్ మైదానం ఎదుట సుప్రీం కోర్టు ముందు జనం పోగయ్యారు. 18 మంది చనిపోయారు, 173 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఏడుగురు యూరోపియన్లు, యూరేషియన్లు, ఇద్దరు పోలీసులు, తొమ్మిది మంది కాల్పుల్లో పోయిన అల్లరిమూకల వాళ్లు. సైన్యం దిగాల్సి వచ్చింది, కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది.

మలయ్ పోలీసులు మనసు పెట్టి పని చేయలేదన్న మాట నిజమే, మత విషయం కాబట్టి. కానీ కోర్టు దగ్గర గూర్ఖాలని దించి, మళ్లీ వెనక్కి పిలిచింది ఎవరు? పై అధికారులు. ఆ అల్లర్ల మీద వేసిన లీచ్ కమిషన్ విచారణలో వేలు చూపించింది కూడా వాళ్ల వైపే. అన్నట్టు ఆ గూర్ఖా దళం అప్పటికి ఏడాదిన్నర పిల్ల. యుద్ధానికి ముందున్న సిక్కు దళం స్థానంలో 1949 ఏప్రిల్‌లో పెట్టారు. ఊళ్లో ఎవరికీ చుట్టం కాని దళం కావాలన్నదే ఆలోచన.

లాఠీ_కలం
దాని ఫలితమే 1952 రిజర్వ్ యూనిట్. ఎర్ర లారీల్లో వచ్చేవాళ్లు కాబట్టి జనం హొక్కియెన్‌లో ఆంగ్ చియా అన్నారు, ఎర్రబండి అని. డ్రిల్లు వరస: బండి దిగి వరసలు కట్టడం, చెదిరిపోకపోతే బలప్రయోగం తప్పదని పలు భాషల్లో రాసిన బ్యానర్ ఎత్తడం, పేము డాళ్లు, లాఠీలతో ముందుకు తోయడం, బాష్పవాయువు, చివరికి ఆజ్ఞ మీద మాత్రమే తుపాకీ. ప్రతి మెట్టుకీ ఆజ్ఞ ఇచ్చే అధికారి ఎవరో ముందే తేలి ఉండాలి. 1950లో తేలనిది సరిగ్గా అదే, బలం తక్కువై కాదు.

1955 మే 12 హాక్ లీ బస్సు గొడవల్లో నలుగురు, 1956 అక్టోబరు చైనీస్ స్కూళ్ల గొడవల్లో 13 మంది పోయారు. గొడవలు ఆగలేదు, కానీ 1950లో జరిగినట్టు ఊరు చేయి జారిపోలేదు.

కొరింగ_ఓడ
1948 జూన్‌లో కమ్యూనిస్టు తిరుగుబాటు మీద ఎమర్జెన్సీ వచ్చింది కదా, అది కూడా వేయండి ఖాతాలో. ఆ ఏడాదే మలయన్ సెక్యూరిటీ సర్వీస్ అనే నిఘా సంస్థని రద్దు చేసి పోలీసులో స్పెషల్ బ్రాంచ్ పెట్టారు, గుర్తింపు కార్డులు వచ్చాయి. తెలివైన అధికారులు, మంచి ఇన్ఫార్మర్లు కమ్యూనిస్టుల వెనక పడ్డారు. గ్యాంగుల పని సీఐడీలో మిగిలినవాళ్లకి.

పాతగెజిట్
సీఐడీ అన్నారు కాబట్టి, 1951 నల్లమందు లారీ సంగతి ఎవరైనా రాయండి. పట్టికల్లో అది ఒకే ఒక్క దోపిడీ కేసు!

రేవు_కాగితాలు
1951 అక్టోబరు, పుంగ్గోల్ తీరం. 1,800 పౌండ్ల నల్లమందు, అంటే 816 కిలోలు, అప్పటి విలువ 4 లక్షల డాలర్లు. స్మగ్లర్ల సరుకుని ఒక ముఠా దోచుకుంది. దోచుకున్నవాళ్లలో పోలీసు డిటెక్టివ్‌లు ఉన్నారు. కంచే చేను మేసింది. దర్యాప్తు చేయాల్సిన అవినీతి నిరోధక విభాగం ఎక్కడుంది? అదే సీఐడీలో ఒక చిన్న శాఖ. తోటి డిటెక్టివ్‌ల మీద పక్క బల్లవాళ్లే విచారణ చేయాలి. అందుకే 1952లో దాన్ని పోలీసు బయటికి లాగి సీపీఐబీ (కరప్ట్ ప్రాక్టీసెస్ ఇన్వెస్టిగేషన్ బ్యూరో) అని వేరే సంస్థ పెట్టారు.

సెక్షన్420
హాంకాంగ్‌తో పోల్చుకోండి. అక్కడ అవినీతి శాఖ పోలీసులోనే ఉండిపోయింది, వేరే అవినీతి నిరోధక సంస్థ ఐసీఏసీ వచ్చింది 1974లో. 22 ఏళ్ల తేడా. అయితే సీపీఐబీకి అసలు కోరలు 1960 చట్టంతో వచ్చాయి, 1937 ఆర్డినెన్సుతో పెద్దగా పని జరగలేదు. 1952నే బంగారు సంవత్సరంగా రాసేవాళ్లు తొందరపడుతున్నారు.

లెక్కలమాస్టారు
చాప్ జీ కీ అనే అంకెల జూదం గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? ఆ ఊళ్లో ఎక్కువమంది చేసిన "నేరం" అదే.

ఆట: 1 నుంచి 12 దాకా అంకెల్లో రెండు ఎంచుకోవాలి, వరసతో సహా. 12 × 12 = 144 జతలు. తగిలితే డాలరుకి వంద. న్యాయంగా ఇవ్వాల్సింది 144. అంటే బ్యాంకర్ మిగులు 44/144, నూటికి 30.6. పైసల్లో కూడా కాయొచ్చు కాబట్టి గృహిణులు, ఆయమ్మలు, కూలీలు అందరూ ఆడేవాళ్లు. వసూలు చేసే మనిషి, తరచు ఆడమనిషే, ఇంటింటికీ కూరల బుట్టతో తిరుగుతుంది. చీటీ బొటనవేలంత. పోలీసు కనబడితే నోట్లో వేసుకుంటుంది, సాక్ష్యం కడుపులోకి.

సెక్షన్420
అందుకే జూదశాలల చట్టంలో ఒక వెసులుబాటు పెట్టుకున్నారు. వారంటుతో దాడి చేసినచోట జూదపు సామగ్రి దొరికితే, అది జూదశాల అని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది ముద్దాయి. మరి వీధిలో నడిచే ఆడమనిషి "శాల" కాదు కదా! దాడులు పెరిగిన ఏడాది జూదం కేసులు పెరుగుతాయి, దాడులు తగ్గితే తగ్గుతాయి. ఆ వరస పోలీసు హాజరుపట్టీ లాంటిది, జూదం గురించి ఏమీ చెప్పదు.

మెట్రిక్_ఫెయిల్
30 శాతం మిగులా! మన మట్కావాళ్లు చూస్తే ఏడుస్తారు.

కొరింగ_ఓడ
ఇక 1955, 1958. సాక్షులు రారు, ఓడెక్కించడానికి వీల్లేదు. అప్పుడు తెచ్చిందే క్రిమినల్ లా (టెంపరరీ ప్రొవిజన్స్) ఆర్డినెన్సు, 1955. 1958 సవరణతో గ్యాంగు మనుషుల్ని విచారణ లేకుండా నిర్బంధించే అధికారం వచ్చింది. నిర్బంధం అక్కర్లేదనుకుంటే పోలీసు పర్యవేక్షణ: ఫలానా చోటే ఉండాలి, రాత్రి ఇల్లు కదలకూడదు, స్టేషన్‌కి వచ్చి కనబడాలి. తాత్కాలికం అని పేరు పెట్టిన ఆ చట్టం గడువులు పొడిగించుకుంటూ ఇప్పటికీ నడుస్తోంది.

తెలుగువాళ్లకి దీన్ని వివరించడం సులువు. నిర్బంధం అంటే మన 1986 నాటి పీడీ యాక్ట్. పర్యవేక్షణ అంటే రౌడీషీటు, బైండోవర్ రెండూ కలిపి, చట్టబద్ధంగా.

లాఠీ_కలం
పోలిక అంత నున్నగా కుదరదు. మన దగ్గర వలస కాలంలో ఇంకా ముదురు పద్ధతి ఉంది: క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. పుట్టుకతోనే నేరస్థుడని ముద్ర. స్టువర్టుపురం సెటిల్‌మెంట్ ఆ చట్టం కిందే వచ్చింది. సింగపూర్‌లో మనిషి పేరు మీద ఫైలు ఉండాలి, కులం మీద కాదు. తేడా చిన్నది కాదు.

కొరింగ_ఓడ
ఒప్పుకుంటా. కానీ ఆ ఫైల్లో ఏముందో ముద్దాయికి ఎంత చూపించేవాళ్లు? ఇన్ఫార్మర్ పేరు బయటపడితే ప్రాణం పోతుందంటారు, అది నిజం. ఇన్ఫార్మర్ పాత పగతో పేరు చెప్పినా ఎవరికీ తెలియదు, అదీ నిజమే.

పాతగెజిట్
1958 తర్వాత కోర్టు కేసులు తగ్గితే అది నేరం తగ్గడం కాదు, మనుషులు కోర్టు దాకా వెళ్లకపోవడం కూడా కావచ్చు. నిర్బంధ ఉత్తర్వుల పట్టిక పక్కన పెట్టకుండా ఆ వరస చదవకూడదు, అంతేనా?

కొరింగ_ఓడ
అంతే. కిడ్నాపులకీ ఇదే జాగ్రత్త. 1950ల చివర్లో డబ్బున్న చైనీస్ వ్యాపారుల్ని ఎత్తుకెళ్లడం మొదలైంది. కుటుంబం గుట్టుగా డబ్బు కట్టి మనిషిని తెచ్చుకుంటుంది, పోలీసుకి చెప్పదు. నివేదికలో ఉన్నది బయటపడిన కేసులే. 1961 కిడ్నాపింగ్ చట్టం రెండు వైపులా పట్టుకుంది. ఎత్తుకెళ్లినవాడికి మరణశిక్ష లేదా యావజ్జీవం. డబ్బు కట్టకుండా కుటుంబం ఆస్తి కదలికలు ఆపే అధికారం పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి. ఆ రెండోది చూసి కుటుంబాలు ఇంకా గుట్టుగా మారి ఉంటే, అంకె తగ్గడానికి అదీ ఒక కారణమే.

రేవు_కాగితాలు
నిర్బంధితుల గురించి ఒక్క మాట. 1960లో పులావ్ సెనాంగ్ అనే దీవిలో వాళ్లతో రోడ్లు, ఇళ్లు కట్టించే ప్రయోగం పెట్టారు. తుపాకులు లేని కాపలా. 1963 జూలై 12న తిరగబడి సూపరింటెండెంట్ డటన్‌ని, మరో ముగ్గురు సిబ్బందిని చంపారు, కట్టినదంతా తగలబెట్టారు. 18 మందికి ఉరి. "పని నేర్పితే మారతారు" అని రాసేవాళ్లూ, "వీళ్లు మారరు" అని రాసేవాళ్లూ దీన్నే ఉదాహరణగా వాడతారు. శిక్షాకాలం ఎంతో తెలియని మనిషి ఏ లెక్కతో రోజులు గడుపుతాడన్నది రెండు వర్గాలూ అడగవు.

లెక్కలమాస్టారు
@పాతగెజిట్ గీత గీయాలనే ఉంటే ఇలా చేయండి. లక్ష జనాభాకి లెక్క కట్టండి, రెండు సెన్సస్‌ల మధ్య ఏడాదికి 4.4 చొప్పున పెంచుతూ. 392, 395 కలిపేయండి. నల్లమందు, జూదం విడి కాగితం మీద, ఎందుకంటే అవి దాడుల లెక్కలు. 1946, 1947, 1948, 1955, 1958, 1961 దగ్గర నిలువు గీతలు పెట్టి, గీత దాటి పోల్చకండి. ఒకటి మాత్రం అన్ని కాలాల్లోనూ కొంచెం నమ్మొచ్చు: హత్యలు. శవాన్ని దాచడం కష్టం.

సెక్షన్420
హత్యలక్కూడా 1950 డిసెంబరు చనిపోయినవాళ్లని ఏ వరసలో వేశారో చూసుకోవాలి. పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లు 302 కిందకి రారు.

మెట్రిక్_ఫెయిల్
పర్మిట్ లేని ట్యాక్సీలు ఏ కాగితం మీద వేయాలి మాస్టారూ?

లెక్కలమాస్టారు
ట్రాఫిక్ శాఖ పట్టిక, అది ఇంకో పుస్తకం. దానికి వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ వాదించుకుందాం.